వచ్చినవాళ్లెందరు... బస్సెక్కినవాళ్లెందరు?

సోమవారం పొద్దున పేపరు రాగానే జిల్లా పేజీ ఓసారి తిరగేయండి. నాయకుల పర్యటనలూ, రోడ్డు ప్రమాదాలూ అయిపోయాక, ఓ మూల తప్పకుండా ఒక ఫొటో కనిపిస్తుంది. వెనక ఫ్లెక్సీ, ముందు వరసగా పది పన్నెండు మంది మగవాళ్లు, మధ్యలో ఒక కుట్టుమిషను. మిషను పక్కన కొంగు భుజం చుట్టూ కప్పుకుని, కెమెరా వైపు చూడాలో నేల వైపు చూడాలో తెలియక నిలబడ్డ ఒక ఆడమనిషి. ఫొటో కింద అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, ప్రాజెక్టు చైర్మన్... అందరి పేర్లూ ఉంటాయి. ఆవిడ పేరు మాత్రం ఉండదు. ‘ఒక పేద మహిళకు’ అని ఉంటుంది. అంతే!

పేపరు వాళ్లని అనడం లేదు. క్లబ్బు వాళ్లు రాసిచ్చిన కాగితంలోనే ఆ పేరు ఉండదు మరి.

కథలు రాసుకునేవాళ్లకు పేపరు కత్తిరించి దాచుకోవడం ఒక జబ్బు. నాకూ ఉంది. కొన్నాళ్లుగా మా జిల్లా పేజీలో వచ్చే సేవా క్లబ్బుల వార్తలన్నీ కత్తిరించి ఒక పాత డైరీలో అంటిస్తూ వచ్చాను. వంటయ్యాక తీరిగ్గా చదువుతుంటే ఒక సంగతి తట్టింది. అన్ని వార్తల్లోనూ ఒకే క్రియ... ‘పంపిణీ చేశారు’, ‘నిర్వహించారు’, ‘పరీక్షించారు’. ఆ తర్వాత ఏమైందన్నది ఒక్క ముక్కలోనూ లేదు. కంటి శిబిరంలో ఇంతమందిని పరీక్షించారు, సరే. చూపు ఎంతమందికి వచ్చింది?

వికారాబాద్ నా మెట్టినిల్లు, తాండూరు పుట్టిల్లు. మధ్యలో కాస్త రైలు ప్రయాణం, అంతే. ఇటు అనంతగిరి గుట్టలు, మూసీ పుట్టిన చోటు, పాత క్షయ దవాఖాన. అటు నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, పప్పు మిల్లులు. తాండూరు దాటితే కర్ణాటక... సేడం, చించోలి వైపు జనం కూడా బజారుకూ దవాఖానకూ మా ఊరికే వస్తారు. తెలుగులో బేరం మొదలుపెట్టి, ఉర్దూలో కొనసాగించి, కన్నడంలో చిల్లర అడిగే ఊరు మాది! 2016 అక్టోబరు 11న రంగారెడ్డి నుంచి విడిపోయి వికారాబాద్ జిల్లా అయింది. ఆఫీసులొచ్చాయి, ఆఫీసర్లొచ్చారు. పెద్ద జబ్బు చేస్తే మాత్రం ఇప్పటికీ చాలామంది చూపు హైదరాబాద్ వైపే.

ఇలాంటి చోట సేవా క్లబ్బులు లేకపోతే లోటే. ఎండాకాలం చలివేంద్రాలు, బడి పిల్లలకు నోటుపుస్తకాలు, రక్తదానం, చక్రాల కుర్చీలు, కంటి శిబిరాలు... ఎవరి జేబులోంచి వాళ్లు తీసి, ఎవరి ఆదివారం వాళ్లు వదులుకుని చేస్తున్నవే ఇవన్నీ. ‘ఫొటోల కోసం చేస్తారు’ అని మూతి విరిచేవాళ్లలో నేను లేను. ఫొటో కోసమైనా సరే, ఎండలో మంచినీళ్లు పోసినవాడు నీళ్లు పోసినట్టే కదా.

మా వారు ఒక క్లబ్బులో సభ్యులు. బంధువుల్లో మరో రెండు క్లబ్బుల వాళ్లున్నారు. ఏ క్లబ్బూ, ఏ ఊరూ అని అడక్కండి. వారపు సమావేశం ఎక్కడైనా ఒకటే తీరు. రాత్రి ఎనిమిదింటికని చెప్పిన మీటింగు ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. అధ్యక్షుడు మెడలో పట్టీ వేసుకుని సుత్తితో గంట కొడతాడు. ఆ వారం పుట్టినరోజులు, పెళ్లిరోజులు ఎవరివో చదివి చప్పట్లు కొడతారు. కార్యదర్శి గత వారం సంగతులు చదువుతాడు. ఒక డాక్టరో, ఇన్సూరెన్సు ఆఫీసరో, ఈ మధ్యయితే సైబర్ మోసాల గురించి చెప్పే పోలీసాయనో వచ్చి అరగంట మాట్లాడతారు. ‘సార్జెంట్ ఎట్ ఆర్మ్స్’ అని ఒకాయన ఉంటాడు. క్లబ్బు బ్యాడ్జి పెట్టుకోనివాళ్లకూ, పేపర్లో ఫొటో పడినవాళ్లకూ నవ్వుతూ నవ్వుతూ జరిమానా వేస్తాడు. తర్వాత భోజనాలు. జులై 1న కొత్త సంవత్సరం, కొత్త కార్యవర్గం, ప్రమాణ స్వీకారం. ఏడాదికోసారి గవర్నర్ గారి రాక. రాజ్‌భవన్ గవర్నర్ కాదులెండి, క్లబ్బుల గవర్నర్. అయినా ఆ వారం ఇళ్లలో హడావిడి చూస్తే తేడా తెలియదు!

అసలీ వారం వారం కలవడం అనేది ఒంటరితనంలోంచి పుట్టింది. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కలిసి కూర్చున్నాడు. చిన్న ఊరి నుంచి మహానగరానికి వచ్చి స్నేహాలు లేక ఇబ్బంది పడ్డ మనిషి. ఒక వారం ఒకరి ఆఫీసులో, మరో వారం మరొకరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవారు. అలా తిరుగుతూ ఉండేది కాబట్టి రోటరీ. అదే షికాగోలో 1917లో మెల్విన్ జోన్స్ అనే వ్యాపారి పూనుకుని లయన్స్ మొదలుపెట్టాడు. స్నేహం ముందు, సేవ తర్వాత వచ్చాయన్నమాట. ఇప్పుడు రోటరీలో వారానికోసారి తప్పనిసరి అన్న కట్టడి కూడా లేదు. 2016లో నిబంధన సడలించి, నెలకు కనీసం రెండుసార్లు కలిస్తే చాలన్నారు. మా వైపు మాత్రం ‘ఈ వారం మీటింగుంది’ అన్న మాట అలాగే నిలిచిపోయింది.

మరి ఈ స్నేహంలో ఇల్లాలి చోటు ఎక్కడ? దానికో ముద్దుపేరు ఉంది. రోటరీలో సభ్యుడి భార్యను ‘ఆన్’ అంటారు. పిల్లలు ‘ఆనెట్లు’. లయన్స్‌లో అయితే ‘లయన్ లేడీ’. ఈ ఆన్ ఎవరా అని చాలా రోజులు అనుకునేదాన్ని. 1914లో హ్యూస్టన్ మహాసభకు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి రైల్లో వెళ్లిన సభ్యుల్లో బ్రూనియర్ అనే ఆయన భార్య పేరు ఆన్. బోగీ నిండా మగవాళ్లు, ఆవిడ ఒక్కర్తీ. సరదాగా ‘రోటరీ ఆన్’ అన్నారు. అక్కడ దిగాక ఇంకో సభ్యుడి భార్య పేరు కూడా ఆన్ అని తేలింది. ఇంకేం, ప్రపంచంలోని రోటరీ భార్యలందరూ ఆన్లయిపోయారు! ఎప్పుడో ఒక రైలు ప్రయాణంలో పుట్టిన హాస్యం, నూరేళ్లు దాటాక మా డెక్కన్ పీఠభూమిలో ఆహ్వాన పత్రికల మీద ‘ఆన్ శ్రీమతి ఫలానా’ అని అచ్చవుతోంది.

ఆన్లం ఏం చేస్తాం? ప్రమాణ స్వీకారం రోజు జ్యోతి వెలిగిస్తాం. ప్రార్థనా గీతం పాడతాం. ముఖ్య అతిథి భార్యకు పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క పెడతాం. శిబిరం రోజు వంద మందికి ఉప్మా చేయిస్తాం, పేర్లు రాసే బల్ల దగ్గర కూర్చుంటాం. ఏ శిబిరం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి అని చెయ్యెత్తే సమయానికి మాత్రం మేము పక్క గదిలో ఐస్‌క్రీం తింటూ ఉంటాం.

నియమం వల్ల కాదు సుమా! నియమం ఎప్పుడో మారింది. ఆ మార్పు కథలో మన దేశానికి ఒక గౌరవమైన స్థానం ఉందని చాలామందికి తెలియదు. రోటరీ నియమావళిలో ‘పురుషులు’ అన్న మాట తీసేయాలని 1950లోనే ప్రతిపాదన పంపింది భారతదేశంలోని ఒక క్లబ్బు! అది నెగ్గలేదు. 1977లో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని డువార్టే అనే చిన్న ఊరి క్లబ్బు ముగ్గురు స్త్రీలను చేర్చుకుంది. ఆ మరుసటి ఏడాది పై సంస్థ ఆ క్లబ్బు గుర్తింపే రద్దు చేసింది. వాళ్లు ఊరుకోలేదు, కోర్టుకెక్కారు. చివరికి 1987 మే 4న అమెరికా సుప్రీంకోర్టు స్త్రీలను కాదనడానికి వీల్లేదని తీర్పు చెప్పింది. ఆ ఏడాదే లయన్స్ తలుపులు తెరిచింది. 1989లో రోటరీ ప్రపంచమంతటా నియమం మార్చింది. 2018లో ఐస్‌లాండ్‌కు చెందిన గుద్రున్ ఇంగ్వదోత్తిర్ లయన్స్‌కూ, 2022లో కెనడాకు చెందిన జెన్నిఫర్ జోన్స్ రోటరీకీ ప్రపంచ అధ్యక్షులయ్యారు. శిఖరాన ఆడవాళ్లు కూర్చున్నారు. చిన్న పట్టణాల్లో మాత్రం గ్రూప్ ఫొటోలో వెతుక్కోవాలి.

ఇక్కడ ఇన్నర్‌వీల్ సంగతీ చెప్పాలి. 1924 జనవరి 10న ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో మార్గరెట్ గోల్డింగ్ అనే ఆవిడ, ఒకప్పుడు నర్సు, తర్వాత సొంత వ్యాపారం చేసుకున్న మనిషి, రోటరీ వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లందరినీ కూడగట్టి వేరే క్లబ్బు పెట్టింది. మనకు సాయం చేసే అవకాశమే తప్ప నిర్ణయించే అవకాశం లేదే అన్న ఇబ్బందిలోంచి వచ్చిన ఆలోచన అది. ఇన్నర్‌వీల్ వాళ్లు బాగా పనిచేస్తున్న ఊళ్లున్నాయి. కానీ పెద్ద డబ్బు, దవాఖానలతో ఒప్పందాలు, బస్సులు... ఇవన్నీ ఇంకా మగవాళ్ల క్లబ్బు చేతుల్లోనే ఉన్న ఊళ్లే ఎక్కువ.

‘ఏం, మీకు ఓటుంటే ఒక కుట్టుమిషను బదులు రెండిస్తారా?’ అని మా వారే అడిగారు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఆడవాళ్లు సభ్యులైనంత మాత్రాన పనిలో ఏం తేడా వస్తుంది?

దీనికి జవాబు నాకు కంటి శిబిరంలో దొరికింది. సేవా క్లబ్బులకు కళ్ల మీద శ్రద్ధ ఎక్కువ. 1925లో అమెరికాలోని ఒహాయోలో జరిగిన లయన్స్ మహాసభలో హెలెన్ కెల్లర్ లేచి, మీరంతా అంధుల కోసం యుద్ధం చేసే వీరులు కావాలని అడిగిందట. అప్పటి నుంచి ఆ సంస్థ కంటి పని పట్టుకుంది. అడిగింది ఒక స్త్రీ. ఆ సంస్థలో స్త్రీకి సభ్యత్వం రావడానికి మరో అరవై రెండేళ్లు పట్టింది!

పూర్వం బడి సెలవుల్లో తరగతి గదుల్లోనే బెంచీలు జరిపి శుక్లాల ఆపరేషన్లు చేసేవారని మా అమ్మ చెప్పేది. చీము పట్టి ఉన్న చూపు పోయిన సంఘటనలు దేశంలో అక్కడక్కడా జరిగాక, అలా తాత్కాలికంగా పెట్టిన చోట కత్తి పట్టకూడదని ప్రభుత్వం కట్టడి చేసింది. మంచిదే. ఇప్పుడు శిబిరంలో పరీక్ష మాత్రమే. శుక్లం ఉందని తేలితే పేరు రాసుకుని, బస్సులో నగరంలోని కంటి దవాఖానకు తీసుకెళ్లి, అక్కడ ఆపరేషను చేసి, మర్నాడో మూడోనాడో తిరిగి తెచ్చి దింపుతారు. ఆపరేషన్, లెన్స్, మందులు, తిండి, బస్సు అన్నీ ఉచితం. కాగితం మీద దీనికి వంక పెట్టడానికి లేదు.

ఒక చలికాలం ఆదివారం అలాంటి శిబిరంలో నేను పేర్లు రాసే బల్ల దగ్గర కూర్చున్నాను. పొద్దున పొడుగునా వరసలో ఆడవాళ్లే ఎక్కువ. పెద్దేముల్ వైపు నుంచి, యాలాల వైపు నుంచి, బషీరాబాద్ నుంచి ముసలవ్వలు ఆటోల్లో వచ్చారు. నా రిజిస్టరు నిండా వాళ్ల పేర్లే. మధ్యాహ్నం బస్సు వచ్చింది. బస్సులోకి తొంగి చూస్తే తలపాగాలే ఎక్కువ. పొద్దున నేను రాసిన అవ్వల్లో సగానికి పైగా లేరు. ఎటు పోయారు?

గోడవారన ఒక అవ్వ చెప్పులు తొడుక్కుంటోంది. రెండు కళ్లకూ పొర వచ్చిందని డాక్టరు రాసిన చీటీ చేతిలోనే ఉంది.

‘బస్సు ఎక్కలేదేం అవ్వా?’ అన్నాను.

‘నేను వోతే ఎట్లయితది బిడ్డా? కోడలు కంది కోతకు వోతది. చంటి పిలగాడున్నడు. ఎవలు వట్టుకుంటరు?’

‘మూడు రోజులే కదా. కొడుకును తోడు రమ్మనకపోయావా?’

‘వాడు పాలిషు మిషిన్ల పనికి వోతడు. వోని నాడు కూలి లేదు. నా కండ్ల కోసం వాని కూలి వోగొట్టాల్నా? సంకురాత్రి అయినంక జూద్దాం తియ్.’

ఇంకో జంట ఉంది. ఆయన బస్సెక్కాడు, ఆవిడ టిఫిన్ గిన్నె సంచితో తోడు ఎక్కింది. ఆవిడ పేరు కూడా నా రిజిస్టరులో ఉంది, ఆవిడ కంట్లోనూ పొరే. ‘నీది కూడా చేయించుకుని రావచ్చుగా’ అంటే నవ్వింది. ‘ఇద్దరికి కట్లు గడితే ఎవలను ఎవలు వట్టుకోని నడిపిస్తరమ్మా? ముందు ఆయనది గానీ.’

మగవాడికి తోడు భార్య. భార్యకు తోడెవరు? శిబిరం మొత్తం ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది, ఎవరికీ తెలియకుండా.

ఇది మా ఊరి విడ్డూరం కాదు. ఆడవాళ్లు మగవాళ్ల కంటే ఎక్కువ కాలం బతుకుతారు కాబట్టి శుక్లాలు వాళ్లకే ఎక్కువ, ఆపరేషన్లు మాత్రం తక్కువ అని మన దేశంలోనూ, చాలా పేద దేశాల్లోనూ కంటి నిపుణులు ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నారు. ఆపరేషను పావుగంట, ఇరవై నిమిషాల పని. ఆ తర్వాతే అసలు కష్టం. వారాల తరబడి చుక్కల మందు వేసుకోవాలి. కంట్లో నీళ్లు పడకూడదు, బరువులెత్తకూడదు, పొగ దగ్గరికి వెళ్లకూడదు. ‘పొయ్యి దగ్గరికి వెళ్లొద్దు’ అని మగవాడికి చెబితే అది సలహా. ఆడదానికి చెబితే ఇంట్లో అందరి తిండీ ఆగినట్టు! తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలుపెట్టినప్పుడూ, 2023 జనవరి 18న రెండో విడత జరిపినప్పుడూ అవ్వల ముక్కు మీదికి కళ్లద్దాలు వచ్చాయి. ఎందుకంటే అద్దాలు ఊళ్లోకే వచ్చాయి. ఆపరేషను కోసం ఊరు దాటాలి. అక్కడే ఆడవాళ్లు ఆగిపోతారు.

ఆ వారం క్లబ్బు మీటింగులో కార్యదర్శి నివేదిక చదివారట. ఇంతమందిని పరీక్షించాం, శిబిరం విజయవంతం. చప్పట్లు. మర్నాడు పేపర్లో ఫొటో. అబద్ధం ఏమీ లేదు. బస్సెక్కని అవ్వల గురించి ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆ లెక్క ఎవరూ రాయలేదు.

లెక్క రాయడం వీళ్లకు చేతకాదా అంటే, బ్రహ్మాండంగా చేతనవుతుంది! పోలియో గుర్తుందా? రోటరీ 1985లో ఆ పని తలకెత్తుకుంది. మన దేశంలో 1995 నుంచి పల్స్ పోలియో ఆదివారాలు వచ్చాయి. చలిలో బూత్ దగ్గర కుర్చీలు వేసుకుని క్లబ్బు వాళ్లు కూర్చున్నారు, పసుపు రంగు టోపీలు పెట్టుకున్నారు. అప్పటికి బాలికలుగా ఉన్న మా వయసు వాళ్లం పక్కింటి పసివాళ్లను ఎత్తుకుని బూత్‌కు తీసుకెళ్లేవాళ్లం. అయితే పోలియో పోయింది ఆదివారం బూత్ వల్ల ఒక్కటే కాదు. ఆ తర్వాత రోజుల్లో అంగన్‌వాడీ టీచర్లు, ఆ పైన ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి గోడ మీద సుద్దతో ‘పి’ అని రాశారు. ఒక్క పిల్లవాడు తప్పిపోయినా ‘ఎక్స్’ రాశారు. సాయంత్రం సూపర్‌వైజరు అడిగేది ‘ఎంతమందికి వేశారు’ అని మాత్రమే కాదు, ‘ఎక్స్ ఇళ్లెన్ని’ అని. మర్నాడు మళ్లీ ఆ ఎక్స్ ఇళ్లకే వెళ్లారు. పిల్ల అమ్మమ్మ ఊరికి పోయిందా, పొలంలో ఉందా, తల్లి భయపడుతోందా అని కూర్చుని మాట్లాడారు. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక పసిపిల్లకు వచ్చిందే ఆఖరి కేసు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో లేనిదిగా ప్రకటించింది.

ఆ ఘనతను క్లబ్బులు గర్వంగా చెప్పుకుంటాయి, చెప్పుకోవాలి కూడా. కానీ అందులోంచి నేర్చుకోవలసింది టోపీ కాదు, ఎక్స్ గుర్తు. ఆ గుర్తు పెట్టుకుంటూ గడప గడపా తిరిగింది దాదాపు అందరూ ఆడవాళ్లే. చేరినవాళ్లను లెక్కపెడితే చప్పట్లు వస్తాయి. తప్పిపోయినవాళ్లను లెక్కపెడితే మళ్లీ ఇంకో ఇంటికి నడవాల్సి వస్తుంది. కంటి శిబిరానికి ఆ రెండో లెక్క ఏది?

మా వారి ప్రశ్నకు జవాబు ఇదే. చెయ్యెత్తే గదిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లున్నారనుకోండి. వాళ్లు గొప్పవాళ్లనీ, దయగలవాళ్లనీ కాదు. తోడు లేక దవాఖానకు పోలేకపోవడం అంటే ఏమిటో వాళ్లకు ఇంట్లోనే తెలుసు కాబట్టి అడుగుతారు. జనవరి మొదటి వారంలో శిబిరం అంటే, ‘అయ్యా, అది కంది కోతల కాలం’ అంటారు. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనమంతా సంబరపడ్డాం. ఆ కంది కోసేదీ, కొట్టేదీ, చెరిగేదీ ఎక్కువగా ఎవరో తేదీ వేసేటప్పుడు గుర్తుండొద్దా? నగరం నుంచి డాక్టర్లు ఏ రోజు ఖాళీ, గవర్నర్ గారు ఏ రోజు వస్తారు అని చూసి తేదీ పెడతారు. అవ్వ ఏ రోజు ఖాళీ అని చూడరు.

కుట్టుమిషను సంగతీ అంతే. ఇచ్చిన మిషన్లు ఎన్ని నడుస్తున్నాయని ఎవరైనా వెళ్లి చూశారా? రెడీమేడ్లు వచ్చాక పల్లెలో జాకెట్లు, ఫాల్సు, పికో తప్ప కుట్టుపని ఏముంది? పికోకు వేరే మిషను కావాలి. ఇచ్చేది మామూలు మిషను. కుట్టు నేర్చిన ఏ ఆడమనిషిని అడిగినా ఒక్క నిమిషంలో చెబుతుంది.

మరి ఆడవాళ్లు ఎందుకు చేరరు? ‘మేం వద్దన్నామా, రమ్మంటూనే ఉన్నాం’ అంటారు క్లబ్బు పెద్దలు. నిజమే, ఎవరూ వద్దనరు. రాత్రి ఎనిమిదిన్నరకు మీటింగు పెట్టి, పదిన్నరకు భోజనం పెట్టి, ‘రండి’ అంటారు. టీచరమ్మ ఆ వేళకు పిల్లల హోంవర్కు మీద ఉంటుంది, నర్సమ్మ డ్యూటీలో ఉంటుంది. ఏడాది చందా, కొత్త సభ్యత్వ రుసుము, పార్టీల వంతు ఖర్చులు కలిపితే సొంత సంపాదన లేని ఇల్లాలు భర్తను అడగాలి. భర్త అప్పటికే సభ్యుడైతే ‘ఇంట్లో ఇద్దరెందుకు?’ అంటాడు. అలా ఇంటికో ఓటు, అది మగ ఓటు. ప్రపంచం మొత్తం మీద రోటరీ సభ్యుల్లో స్త్రీలు సుమారు నాలుగో వంతే. అమెరికా కోర్టు తీర్పు వచ్చి నలభై ఏళ్లు కావస్తున్నా ఇంతే కదిలిందంటే, తాళం తలుపుకు లేదు, గడియారానికీ జేబుకీ ఉంది.

మీటింగు సాయంత్రం ఐదున్నరకు పెడితే ఏమవుతుంది? భోజనం బదులు చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో సరిపెడితే చందా ఎంత తగ్గుతుంది? పోనీ, వారం వారం సమావేశం తప్పనిసరి కాదని 2016లోనే అన్నారు కదా, నెలలో ఒక మీటింగు హోటల్లో కాకుండా ఏదో ఒక మహిళా సంఘం కూర్చునే చోట పెట్టొచ్చు. మన పల్లెల్లో సంఘాల ఆడవాళ్లు పొదుపు పుస్తకాలు, అప్పు వాయిదాలు, తీర్మానాలు రాసుకుంటూ ఏళ్లుగా సమావేశాలు నడుపుతున్నారు. గంట, సుత్తి లేవన్న మాటే గానీ, హాజరు విషయంలో ఏ క్లబ్బూ వాళ్లకు సాటిరాదు. శిబిరానికి వారం ముందు ఆ సంఘం లీడర్ చేతికి, ఆశా కార్యకర్త చేతికి జాబితా ఇస్తే, ఏ అవ్వకు తోడు లేదో, ఏ ఇంట్లో చంటిపిల్లలున్నారో పేరు పేరునా చెబుతారు.

మా జిల్లాలోనే ఒక క్లబ్బులో ఈ మధ్య ఒక లెక్చరరమ్మ సభ్యురాలిగా చేరింది. ఆన్‌గా కాదు, సొంత పేరుతో. రెండో మీటింగులోనే లేచి మూడు సంగతులు అడిగిందని విన్నాను. శిబిరం రిజిస్టరులో ‘బస్సెక్కారా, లేకపోతే ఎందుకు ఎక్కలేదు’ అని ఒక గడి గీయమంది. ఆడ రోగికి తోడుగా వచ్చే మనిషికి మూడు రోజుల కూలి క్లబ్బు ఇవ్వాలంది. సంఘాల ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురికి దారి ఖర్చులూ రోజు కూలీ ఇచ్చి బస్సులో తోడు పంపితే, తోడు లేని అవ్వలందరికీ వాళ్లే సరిపోతారని కూడా చెప్పింది.

గడి గీయడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. కూలి దగ్గర మాత్రం చర్చ జరిగిందట. ‘సేవకు కూలేమిటమ్మా’ అని ఒకాయన, ‘ఇవాళ తోడుకిస్తే రేపు రోగికీ ఇవ్వాలంటారు’ అని ఇంకొకాయన. కోశాధికారి మాత్రం కాగితం మీద ఏదో లెక్క వేసి, ఒక ప్రమాణ స్వీకారం ఫ్లెక్సీలు, శాలువాలు, బొకేల ఖర్చుతో ఒక బస్సుకు తోడు మనుషులను పంపొచ్చని మెల్లగా అన్నాడట. గది కాసేపు నిశ్శబ్దంగా ఉండి, విషయం వచ్చే మీటింగుకు వాయిదా పడింది.

తేదీ మాత్రం మార్చారు. శిబిరం కందులు ఇల్లు చేరాక, ఫిబ్రవరిలో పెట్టాలనుకుంటున్నారు. కొత్త గడి గీసిన రిజిస్టరు అప్పుడే అచ్చుకు ఇచ్చారట. పాత రిజిస్టరులో చీటీ తీసుకుని బస్సెక్కకుండా వెళ్లిపోయిన అవ్వల పేర్లు, ఊళ్లు విడిగా రాసి ఆశా కార్యకర్తలకు పంపే పని లెక్చరరమ్మకే అప్పజెప్పారు. పేర్లు రాసిన చేతివ్రాత నాదే కాబట్టి, ఈ ఆదివారం కూర్చుని ఆ జాబితా తీద్దామని నాకు కబురు పెట్టింది.